రాతి మీద గీసిన ముఖాలు: లితోగ్రాఫ్ పోర్ట్రెయిట్లు సమాజాన్ని నిజంగా కదిలించాయా?

పాతపుటలు
పంతొమ్మిదో శతాబ్దపు లితోగ్రాఫ్ పోర్ట్రెయిట్ల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఎక్కడ చూసినా ఒకే కథ. రాతి అచ్చు వచ్చి బొమ్మలు చవకయ్యాయి, పేరున్నవాళ్ళ ముఖాలు మామూలు ఇళ్ళల్లోకి వచ్చాయి, దాంతో జనంలో సమానత్వ భావన పెరిగింది అంటారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోదాని మీదే నాకు అనుమానం. రాజుగారి బొమ్మ వెయ్యి ఇళ్ళల్లో వేలాడితే రాజు కిందికి దిగివచ్చినట్టా, వెయ్యి ఇళ్ళల్లోకి దూరినట్టా? తెలిసిన ఉదాహరణలతో చెప్పండి. "కళ సమాజానికి అద్దం" లాంటి మాటలు దయచేసి వద్దు.

చూపు
అసలు చర్చకు ముందు ఒక సందేహం. అంతకుముందు కూడా రాగిరేకుల మీద చెక్కి ముఖాలు అచ్చేసేవాళ్ళు కదా. రాయి వచ్చాక అంత తేడా ఏం వచ్చింది?

రాతిబల్ల
రాతి మీద పనిచేసేవాణ్ణి కాబట్టి ఇది నేను చెప్తాను. రాగిరేకు మీద ముఖం రావాలంటే చెక్కడం వృత్తిగా నేర్చినవాడు కావాలి. చిత్రకారుడు వేసిన బొమ్మను ముందు పెట్టుకుని అతను వారాలు, ఒక్కోసారి నెలలు కూర్చుని గీతలు చెక్కుతాడు. బుగ్గ మీద నీడ కావాలంటే అదంతా గీతల దగ్గరితనంతో తేవాల్సిందే. రేకంతా ముందు గరుకు చేసి, వెలుగు కావాల్సిన చోట నునుపు చేసే మెజోటింట్ పద్ధతిలో నీడలు మెత్తగా వస్తాయి గానీ రేకు తొందరగా అరిగిపోతుంది.

రాతి పని వేరు. బవేరియాలో సోల్న్‌హోఫెన్ దగ్గర దొరికే సున్నపురాయికి ఈ పనిలో పెట్టింది పేరు. రెండు రాళ్ళ మధ్య ఇసుక, నీళ్ళు పోసి ఒకదానితో ఒకటి రుద్దితే పైన సన్నని గరుకు తేలుతుంది. దాని మీద జిడ్డు క్రేయాన్‌తో కాగితం మీద గీసినంత సులువుగా గీయొచ్చు. తర్వాత తుమ్మజిగురు నీళ్ళలో కొన్ని చుక్కల నైట్రిక్ యాసిడ్ కలిపి పూస్తాం. ఆ పూతతో క్రేయాన్ తగిలిన చోటు జిడ్డునీ, తగలని చోటు నీటినీ పట్టుకునేలా రాయి సిద్ధమవుతుంది. అప్పుడు టర్పెంటైన్‌తో తుడిచేస్తే బొమ్మ పోయినట్టే కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి టెన్షన్ అంతా అక్కడే! తడి స్పాంజి రాసి సిరా రోలర్ తిప్పగానే గీసిన చోట మాత్రమే సిరా పట్టి ముఖం మళ్ళీ పైకి వస్తుంది.

అసలు విషయం ఏమిటంటే, ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ చిత్రకారుడి చెయ్యి ఎలా కదిలిందో కాగితం మీదికి అదే వస్తుంది. మధ్యలో చెక్కేవాడు లేడు, అతని కూలీ లేదు, అతని కోసం నెలల తరబడి ఎదురుచూపు లేదు.

పాతపుటలు
ధన్యవాదాలు రాతిబల్ల గారూ. దీన్ని కనిపెట్టిన ఆలోయిస్ సెనెఫెల్డర్ చిత్రకారుడు కూడా కాడు, నాటకాలు రాసుకునే మనిషి. తన నాటకాలు తక్కువ ఖర్చులో అచ్చేసుకునే దారి వెతుకుతూ 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో దీని వైపు వచ్చాడు. 1818లో పద్ధతి మొత్తం వివరిస్తూ పుస్తకం రాశాడు, మరుసటి ఏడాదికే అది ఇంగ్లీషులోకి వెళ్ళింది. పోర్ట్రెయిట్ల వ్యాపారం ఊపందుకుంది ఆ తర్వాతే.

ముక్కుసూటి
"మామూలు జనం ఇళ్ళల్లోకి" అన్నదాన్ని ముందు తేల్చుకుందాం. వియన్నాలో యోసెఫ్ క్రీహూబర్ ఒక్కడే దాదాపు 3,000 లితోగ్రాఫ్ పోర్ట్రెయిట్లు చేశాడు. అందులో ఉన్నదెవరు? ప్రభువులు, సైనికాధికారులు, నటులు, సంగీతకారులు. 1846లో పేరున్న పియానో విద్వాంసుడు లిస్ట్ వాయిస్తుంటే బెర్లియోజ్, చెర్నీ వగైరా సంగీతకారులు చుట్టూ చేరి వింటున్నట్టు ఒక బొమ్మ చేసి, అందులో తనను కూడా కూర్చోబెట్టుకున్నాడు. కొన్నది సంగీత కచేరీలకు వెళ్ళే తీరిక, డబ్బు ఉన్నవాళ్ళు. కూలివాడి గోడ మీద లిస్ట్ ఎందుకుంటాడు?

ఇంకో ఉదాహరణ. గవర్నర్ జనరల్ ఆక్లండ్ చెల్లెలు ఎమిలీ ఈడెన్ భారతదేశంలో గీసిన బొమ్మలను 1844లో లండన్‌లో లితోగ్రాఫ్‌ల సంపుటంగా తెచ్చారు. అందులో రంజిత్ సింగ్ ఉన్నాడు. ఆమె తన ఉత్తరాల్లో ఆయన్ని ఒంటికన్ను, నెరిసిన మీసాల ముసలి ఎలుకతో పోల్చింది. అచ్చులో మాత్రం హుందాగా కూర్చోబెట్టింది. పెద్ద సైజు, ఖరీదైన పుస్తకం. లండన్ పెద్దింటి బల్లల మీద పడి ఉండటానికి చేసినది. ఇందులో సమానత్వం ఎక్కడుందో నాకు కనబడలేదు.

సిరాచుక్క
ముక్కుసూటి గారూ, వియన్నా, లండన్ సరే, పారిస్‌కి రండి. షార్ల్ ఫిలిపోన్ 1830లో "లా కారికేచర్" అనే వారపత్రిక పెట్టాడు, 1832లో "లె షారివారి" అనే దినపత్రిక. రెండూ లితోగ్రాఫ్‌ల మీద నడిచినవే. రాజు లూయీ ఫిలిప్ ముఖం పైన సన్నం, కింద బుగ్గల దగ్గర వెడల్పు. దాన్ని ఫిలిపోన్ బేరిపండుగా మార్చాడు. 1831 నవంబరులో కోర్టుకు లాగితే అక్కడే నాలుగు బొమ్మలు గీసి చూపించాడు. మొదటిది అచ్చం రాజు, నాలుగోది అచ్చం పండు. "మొదటి బొమ్మ నేరమైతే దాన్ని పోలిన రెండోదీ నేరమే, అలా చివరికి పండు గీయడం కూడా నేరమవుతుంది" అన్నది అతని వాదన. శిక్ష తప్పలేదనుకోండి, కానీ ఆ తర్వాత బేరిపండు చూస్తే రాజు గుర్తుకురాకుండా ఉండటం పారిస్‌లో ఎవరి తరమూ కాలేదు.

ఆ డిసెంబరులోనే ఫిలిపోన్ దగ్గర బొమ్మలు గీసే దోమియే వేసిన "గార్గాంటువా" వచ్చింది. పాత ఫ్రెంచి కథలోని తిండిపోతు రాక్షసుడి పేరు అది. సింహాసనం మీద కొండంత రాజు కూర్చుని ఉంటాడు, పేదల దగ్గర వసూలు చేసిన సొమ్మును బుట్టల్లో నిచ్చెన మీదుగా నోట్లోకి పోస్తుంటారు. దోమియేకి ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా. ప్రచురించిన ఓబెర్, అచ్చేసిన డెలాపోర్ట్ కూడా బోనెక్కారు. దీన్ని పోర్ట్రెయిట్ కాదంటే నేను ఒప్పుకోను. ముఖం గుర్తుపట్టకపోతే ఆ బొమ్మకి అర్థమే లేదు.

చూపు
పత్రికల్లో రాతలు కూడా ఘాటుగానే ఉండేవి కదా. బొమ్మకి అంత భయం దేనికి?

సిరాచుక్క
ప్రభుత్వమే దానికి జవాబు చెప్పింది. 1830 రాజ్యాంగ పత్రం సెన్సార్‌షిప్ రద్దు చేసింది. 1835లో రాజు మీద హత్యాయత్నం జరిగాక సెప్టెంబరులో తెచ్చిన చట్టం బొమ్మలకి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. అక్షరాలకి అది లేదు! రాత చదివితే అభిప్రాయం ఏర్పడుతుంది, బొమ్మ నేరుగా కంటికి తగిలి మనిషిని రెచ్చగొడుతుంది కాబట్టి బొమ్మ ఒక చర్యతో సమానం అని వాదించారు. చదువురాని వాళ్ళకు కూడా బొమ్మ అర్థమవుతుందన్న భయం దాని వెనక ఉందని వేరే చెప్పక్కర్లేదు. "లా కారికేచర్" ఆ చట్టం రాకముందే మూతపడింది. దోమియే రాజకీయ నాయకుల్ని వదిలి మోసగాళ్ళు, లాయర్లు, ఇంటి యజమానుల మీద పడ్డాడు. అతను చేసిన దాదాపు 4,000 లితోగ్రాఫ్‌లలో ఎక్కువ భాగం ఆ బాపతే.

అన్నట్టు, చట్టసభ సభ్యుల ముఖాలు పట్టుకోవడానికి దోమియే మట్టితో చిన్న చిన్న తలలు చేసుకుని వాటిని చూసి రాతి మీద గీసేవాడు. అలాంటివి 36 ఇప్పటికీ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. 1834లో వచ్చిన "చట్టసభ పొట్ట" అనే పెద్ద బొమ్మలో మంత్రులు, సభ్యులు వరసల్లో కూర్చుని కునుకుతూ, ముక్కు చీదుతూ ఉంటారు. ప్రతి ముఖమూ ఫలానావాడిదని తెలిసిపోతుంది. పత్రిక మీద పడుతున్న జరిమానాలు కట్టడానికి నెలకో బొమ్మ చొప్పున చందాదారులకి పంపేవాళ్ళు, ఇది అందులోదే. అంటే రాజు వేసిన జరిమానాని రాజు మనుషుల ముఖాలు అమ్మే కట్టారు!

రాతిబల్ల
అచ్చేసినవాణ్ణి కూడా కోర్టుకి లాగడం దగ్గర మా వృత్తి సంగతి ఒకటి ఉంది. రాయి బరువు. ప్రెస్సు పెద్దది. రహస్యంగా ఇంట్లో పెట్టుకునేవి కావు. పోలీసులు వస్తే రాయి ఎక్కడుందో తెలిసిపోతుంది, స్వాధీనం చేసుకుంటారు. అందుకే చిత్రకారుడి ధైర్యంతో పాటు ముద్రాపకుడి ధైర్యం గురించి కూడా మాట్లాడాలి. పుస్తకాల్లో అది తక్కువ.

మరో ముచ్చట. రాతి మీద గీసింది కాగితం మీద కుడిఎడమలు మారి వస్తుంది. పాత పోర్ట్రెయిట్లలో పాపిడి రెండో పక్కకి పోవడం, కోటు బొత్తాలు తప్పు వైపు ఉండటం అందుకే. జాగ్రత్తపరుడు అద్దంలో చూస్తూ తిరగేసి గీస్తాడు. కింద ఆ మనిషి సంతకం కూడా అచ్చులో పెట్టే అలవాటు ఉండేది కదా, సంతకం తిరగబడితే పరువు పోతుంది కాబట్టి దాన్ని బదిలీ కాగితం మీద రాయించి రాతి మీదికి ఎక్కించడం సులువు. ఆ సంతకం కొనేవాళ్ళకి పెద్ద ఆకర్షణ. పెద్దమనిషి తనకే ఇచ్చినట్టు అనిపించేది.

నిలువుటద్దం
ఇంతవరకు చదివాను. పాతపుటలు గారి అసలు ప్రశ్నకి నా దృష్టిలో గట్టి ఉదాహరణ అమెరికాలో ఉంది.

థామస్ మెకెన్నీ అనే ఆయన 1820లలో అమెరికా ప్రభుత్వంలో ఆదివాసీ వ్యవహారాల శాఖ నడిపాడు. ఒప్పందాల కోసం వాషింగ్టన్‌కి వచ్చే తెగల నాయకుల్ని చార్ల్స్ బర్డ్ కింగ్ అనే చిత్రకారుడి చేత రంగుల్లో గీయించాడు. పదవి పోయాక ఆ బొమ్మల్ని 120 లితోగ్రాఫ్‌లుగా మూడు సంపుటాల్లో తెచ్చాడు, 1836 నుంచి 1844 దాకా పట్టింది. చేతితో రంగులు వేసిన అద్భుతమైన అచ్చులు. చెరోకీ భాషకి లిపి తయారుచేసిన సెక్వోయా కూడా అందులో ఉన్నాడు. చేతిలో ఆ అక్షరాల పలక, నోట్లో పైపు. ఈ రోజు సెక్వోయా అనగానే అందరికీ గుర్తొచ్చే ముఖం అదే.

1865లో స్మిత్‌సోనియన్‌లో అగ్నిప్రమాదం జరిగి అక్కడున్న కింగ్ చిత్రాల్లో చాలావరకు కాలిపోయాయి. అసలు పోయింది, అచ్చులు మిగిలాయి.

ఇక రెండో సగం. ఇదే మెకెన్నీ ఆదివాసీల్ని మిసిసిపీ నదికి పశ్చిమంగా తరలించాలనే విధానాన్ని సమర్థించాడు. తరలింపు చట్టం 1830లో వచ్చింది. 1838, 39లో చెరోకీలను బలవంతంగా నడిపించి పంపేసినప్పుడు దారిలో వేలమంది చనిపోయారు. అప్పటికి ఈ సంపుటాలు ఒక్కొక్కటే చందాదారుల ఇళ్ళకి చేరుతూనే ఉన్నాయి. గోడ మీద గౌరవం, నేల మీద గెంటివేత. ఒకే కాలంలో.

ముక్కుసూటి
నేను చెప్పాలనుకున్నది నాకంటే బాగా చెప్పారు నిలువుటద్దం గారూ. ఇంకో అడుగు ముందుకు వేస్తాను. ఆ బొమ్మలు అంత హుందాగా ఉండటమే తరలింపుకి పనికొచ్చింది. "ఎలాగూ మాయమైపోయే జాతి, జ్ఞాపకంగా ముఖాలు దాచుకుందాం" అనుకునే వీలు వాటివల్ల దొరికింది.

నిలువుటద్దం
అంతదాకా నేను రాను. కొన్నవాళ్ళు అలా చూసి ఉండొచ్చు. కానీ గీయించుకోవడానికి కూర్చున్న నాయకులు ఉత్త చేతకానివాళ్ళు కాదు. ఏం తొడుక్కోవాలో, ఏ పతకం పైకి కనబడాలో వాళ్ళకి తెలుసు. సెక్వోయా పలక పట్టుకుని కూర్చున్నది ఊరికే కాదని నా నమ్మకం. బొమ్మ తీయించుకున్నవాడి ఉద్దేశాన్ని పూర్తిగా కొట్టిపారేయకూడదు.

చూపు
రవివర్మ గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? మన దగ్గర లితోగ్రాఫ్ అంటే ముందు గుర్తొచ్చేది ఆయనేగా.

పాతపుటలు
ఆయన ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది. రంగుకో రాయి చొప్పున వాడే క్రోమోలితోగ్రఫీ. అయితే అక్కడ ఎక్కువ అమ్ముడుపోయినవి దేవుళ్ళ బొమ్మలు. దేవతకి ముఖం ఇవ్వడం, బతికున్న మనిషి ముఖాన్ని అచ్చేయడం ఒకటి కాదు. దానికి వేరే చర్చ పెడదాం, ఇక్కడ కలిపితే దారి తప్పుతాం. చూపు గారూ, మీరే మొదలుపెట్టండి, నేను వస్తాను.

నిలువుటద్దం
క్రోమోలితో మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అమెరికా సెనేట్‌కి వెళ్ళాడు. ఆ సభలో మొట్టమొదటి నల్లజాతి సభ్యుడు. బోస్టన్‌లో లూయీ ప్రాంగ్ అనే ముద్రాపకుడు, తనూ జర్మనీ నుంచి వలస వచ్చినవాడే, థియొడోర్ కౌఫ్‌మన్ వేసిన రెవెల్స్ చిత్రాన్ని వెంటనే క్రోమోలితోగ్రాఫ్‌గా తెచ్చాడు. ఒక ప్రతి ఫ్రెడరిక్ డగ్లస్‌కి పంపాడు. బానిసత్వం నుంచి తప్పించుకుని నల్లజాతి వాళ్ళ నాయకుడైన మనిషి ఆయన.

డగ్లస్ రాసిన జవాబు ఈ చర్చలో అందరం చదవాల్సినది. సారాంశం ఇది: మమ్మల్ని ఇన్నాళ్ళూ కోతుల్లా గీశారు, ఇప్పుడొక మనిషిలా గీసిన ముఖం వచ్చింది, అది మాకు చాలా పెద్ద విషయం. బానిసత్వంలో, దరిద్రంలో ఉన్నవాడికి గోడ మీద బొమ్మలు పెట్టుకునే ఆలోచన ఎక్కడిది? స్వేచ్ఛ, కాస్త తీరిక వచ్చాకే అవి వస్తాయి. ఇకమీదట మా ఇళ్ళ గోడలు చూస్తే మా స్థితి మారిందని తెలుస్తుంది. ముక్కుసూటి గారు అడిగిన "ఎవరి గోడ" అన్న ప్రశ్నని డగ్లస్ అప్పుడే వేసుకున్నాడు, చూడండి.

పాతపుటలు
దీనికి పక్కనే పెట్టాల్సింది న్యూయార్క్ కంపెనీ కరియర్ అండ్ ఐవ్స్. 1907లో మూసేదాకా 7,000కు పైగా బొమ్మలు తెచ్చిన సంస్థ. చిన్నవి 5 నుంచి 20 సెంట్లకి దొరికేవి. రాతి అచ్చు నలుపులో వేశాక బల్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో రంగు పూసేవాళ్ళు. ఇదే కంపెనీ 1872లో నల్లజాతి సెనేటర్, ప్రతినిధులు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి గౌరవంగా ఒక పోర్ట్రెయిట్ తెచ్చింది, అందులో రెవెల్స్ ఉన్నాడు. మళ్ళీ ఇదే కంపెనీ 1880లలో "డార్క్‌టౌన్" పేరుతో నల్లజాతి వాళ్ళని వెక్కిరించే బొమ్మల వరస తెచ్చింది, విరగబడి అమ్ముకుంది. మధ్యలో దేశ రాజకీయం తిరగబడింది. కంపెనీకి సిద్ధాంతమేమీ లేదు, గిరాకీ ఎటు ఉంటే అటు రాయి సిద్ధం.

నా మొదటి ప్రశ్న ఇక్కడి నుంచి పుట్టిందే.

రాతిబల్ల
ఆ కంపెనీల తొందర తెలియాలంటే లింకన్ గడ్డం చాలు. 1860లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఆయనకి గడ్డం లేదు. అచ్చులన్నీ నున్నటి ముఖంతో వచ్చాయి. ఎన్నికయ్యాక గడ్డం పెంచాడు. ముద్రాపకులకి గుండె గుభేలుమంది. కొత్త ఫొటో చేతికి వచ్చేదాకా ఆగే ఓపిక లేక ఉన్న బొమ్మకే ఊహించి గడ్డం అంటించినవాళ్ళు ఉన్నారు. కొన్ని చూస్తే నవ్వాగదు, పెట్టుడు గడ్డంలా ఉంటుంది.

చూపు
అప్పటికే ఫొటో ఉంది కదా. మరి ఇంకా రాయి ఎందుకు?

రాతిబల్ల
ఫొటోని పత్రికలో గానీ పెద్ద కాగితం మీద గానీ సిరాతో తక్కువ ఖర్చులో అచ్చేసే దారి అప్పటికి లేదు. అందుకే ఫొటో చూసి రాతి మీద గీసేవాళ్ళు. కాకపోతే 1854లో పారిస్‌లో దిస్‌దేరీ ఒకే గాజు పలక మీద విజిటింగ్ కార్డంత చిన్న ఫొటోలు చాలా తీసే కార్ట్ దె విజీత్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక మామూలు పోర్ట్రెయిట్ గిరాకీ అటు వెళ్ళిపోయింది. తమ ముఖం తమకు కావాలనుకునేవాళ్ళు ఫొటో స్టూడియోకి పోయారు. రాతికి మిగిలింది పెద్ద పోస్టర్. 1892లో తులూజ్ లొత్రెక్ గాయకుడు ఆరిస్తీద్ బ్రువాఁని నల్ల కోటు, ఎర్ర మఫ్లర్‌తో పెట్టింది ఆ దశలోదే. వీధిలో గోడకి అంటించిన పోర్ట్రెయిట్!

ముక్కుసూటి
సరే, మళ్ళీ నా దగ్గరికే వస్తాను. ఫిలిపోన్ పత్రిక చందా కూడా పనివాడు కట్టుకోగలిగేది కాదు. కాబట్టి ఆ ప్రభావం కూడా చదువుకున్న కొద్దిమందిలోనే. డగ్లస్ మాట గొప్పది, కానీ అది కోరిక. ఎన్ని ఇళ్ళల్లో రెవెల్స్ వేలాడాడో మనకి లెక్క లేదు.

సిరాచుక్క
కొన్నవాళ్ళనే లెక్కపెడితే మీరు చెప్పింది నిజమే. కానీ చూసినవాళ్ళ సంగతి? ఫిలిపోన్ బావగారు ఓబెర్ దుకాణం వెరో దొదా అనే పైకప్పున్న బజారులో ఉండేది. కొత్త లితోగ్రాఫ్ రాగానే అద్దాల వెనక పెట్టేవాళ్ళు, దారినపోయేవాళ్ళు గుంపులుగా ఆగి చూసేవాళ్ళు. ఆ గుంపునే త్రావియేస్ అనే చిత్రకారుడు 1831లో ఒక లితోగ్రాఫ్‌గా గీశాడు. పైసా ఇవ్వకుండా చూసినవాళ్ళు చందాదారుల కంటే ఎన్ని రెట్లో! ఆ తర్వాత పారిస్ గోడల మీద బొగ్గుతో, సుద్దతో బేరిపండ్లు మొలిచాయి. వాటిని గీసినవాళ్ళలో పత్రిక కొన్నవాళ్ళు ఎందరుంటారు?

ఇంకొకటి. 1835 చట్టంలో బొమ్మ ప్రచురించడానికి, అమ్మడానికే కాదు, ప్రదర్శనకి పెట్టడానికి కూడా అనుమతి కావాలని రాసుకున్నారు. అద్దం ముందు నిలబడేవాళ్ళని మీరు లెక్కలోకి తీసుకోవట్లేదు గానీ, లూయీ ఫిలిప్ మంత్రులు తీసుకున్నారు.

ముక్కుసూటి
సరే, పారిస్ మీకు వదిలేశాను. వియన్నా విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. క్రీహూబర్ బొమ్మ చూసి ఏ దొరకైనా నిద్ర పట్టలేదని చూపించండి, అప్పుడు మాట్లాడదాం.